వద్దన్నవాడి కోసం పగ: అశ్వత్థామ వేషం వేసిన అనుభవం

'ఊరుభంగం'లో నాకు అశ్వత్థామ వేషం అని డైరెక్టర్‌గారు చెప్పగానే మా సమాజంలో సీనియర్ నటుడు ఒకాయన నవ్వాడు. "అందరూ ఏడ్చి అలిసిపోయాక వచ్చి, అరిచి వెళ్ళిపోయే వేషం రా అది" అన్నాడు. అందులో సగం నిజమే. ప్రాచీన సంస్కృత నాటకకర్త భాసుడి ఈ ఏకాంకికలో అశ్వత్థామ రంగం మీదికి వచ్చేసరికి కథ దాదాపు అయిపోతుంది. గదాయుద్ధం ముగిసింది. దుర్యోధనుడి తొడలు విరిగాయి. నాగలి ఎత్తిన బలరాముణ్ణి దుర్యోధనుడే ఆపాడు. తల్లిదండ్రులు, భార్యలు, కొడుకు వచ్చి చూశారు. చివరి మాటలు కూడా చెప్పేశాడు. సరిగ్గా అప్పుడు విల్లు పట్టుకుని ఒకడొచ్చి, ఇది ఇక్కడితో ఆగదు అంటాడు.

మాది గుంటూరు వైపు ఒక చిన్న నాటక సమాజం. ఎక్కువగా పద్యనాటకాలు వేస్తాం, పరిషత్తుల కోసం అప్పుడప్పుడు సాంఘిక నాటికలు. పగలు ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి. రాత్రి ఏడు దాటాక ఒక స్కూలు హాల్లో బెంచీలు పక్కకు జరిపి రిహార్సల్స్ చేసుకుంటాం. సంస్కృత నాటకం జోలికి అంతకుముందు పోలేదు. డైరెక్టర్‌గారు రిటైరైన సంస్కృతం లెక్చరరు. ఆయనే నాటకాన్ని తెలుగు వచనంలోకి తెచ్చుకుని, కొన్ని శ్లోకాలు మాత్రం అలాగే ఉంచారు. "హార్మోనియం లేదు, రాగాలు లేవు" అని మొదటి రోజే తేల్చి చెప్పారు. పద్యం లేని దుర్యోధనుడేమిటని కొందరి మొహాలు వాడిపోయాయి.

నాటకం గురించి నాలుగు మాటలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో టి. గణపతిశాస్త్రిగారికి పద్మనాభపురం దగ్గరి మఠంలో దొరికిన తాళపత్ర ప్రతుల్లో ఇదొకటి. 1912 నుంచి తిరువనంతపురం సంస్కృత గ్రంథమాలలో ఆ నాటకాలు వరసగా అచ్చయ్యాయి. మొత్తం 13. ప్రతుల్లో కవి పేరు లేదు. అవన్నీ భాసుడివేనా అన్న గొడవ పండితుల్లో అప్పటినుంచీ ఉంది. మాకు ఆ గొడవ అంటలేదు గానీ, ఇంకో సంగతి మాత్రం బాగా పట్టుకుంది. రంగస్థలం మీద చావు చూపించకూడదని మన పాత నాట్య సంప్రదాయం. ఈ నాటకంలో నాయకుడు ప్రేక్షకుల కళ్ళముందే ప్రాణం వదులుతాడు. ఆ నాయకుడు దుర్యోధనుడు.

ఆ వేషం బాబాయ్‌ది. ఆయన నాకు చుట్టం కాదు, మా సమాజంలో అందరికీ బాబాయే. పడక సీను, రాయబారం సీను కొన్ని వందలసార్లు వేసిన మనిషి. మన జిల్లాల్లో దుర్యోధనుడంటే మీసం, నడక, తొడగొట్టడం. ఆ పైన ఎన్టీఆర్ వెండితెర మీద ఆయన్ని ఎక్కడో కూర్చోబెట్టేశారు. అలాంటి వేషంలో పండిపోయిన నటుణ్ణి తీసుకొచ్చి మా డైరెక్టర్‌గారు నేలమీద పడుకోబెట్టారు. ప్రవేశమే పాక్కుంటూ. ఇక లేవడానికి లేదు. తల్లిదండ్రులకు నమస్కరించాలని ఒకసారి లేవబోయి కూలిపోతాడు, అంతే. కాళ్ళు ఆడకూడదు. మోచేతుల మీద, నడుము మీద నాటకమంతా నడవాలి. మొదటి వారం రిహార్సల్స్ అయ్యాక బాబాయ్ మోచేతులకు నొప్పి నూనె రాసుకుంటూ, "మీసం తిప్పడానికి కూడా చెయ్యి ఖాళీ లేదురా" అన్నాడు. కాలర్ మైకుతో ఇంకో తంటా. పాకినప్పుడల్లా బరబరమని చప్పుడు. చివరికి మైకే తీసేసి, హాలు చిన్నది చూసుకున్నాం.

గదాయుద్ధాన్ని నాటకం చూపించదు. ముగ్గురు భటులు నిలబడి, అవతల జరుగుతున్నది చూసి చెబుతారు. మావాళ్ళు మొదట దీన్ని బోరు అనుకున్నారు. చేస్తూ చేస్తూ ఉండగా అర్థమైంది, నాటకంలో ధర్మసంకటమంతా ఆ ముగ్గురి నోటనే మొదలవుతుందని. భీముడు దెబ్బతిని పడిపోతాడు. దుర్యోధనుడు అప్పుడు కొట్టడు. భయపడకు, పడినవాణ్ణి వీరుడు కొట్టడు అంటాడు. అదే సమయంలో కృష్ణుడు తన తొడమీద తాను చరిచి భీముడికి సైగ చేస్తాడు. భీముడు లేచి, గద తిప్పి, తొడల మీద కొడతాడు. నడుముకి కింద కొట్టకూడదన్నది గదాయుద్ధ నియమం. బలరాముడు ఇద్దరికీ గురువు. ఆయన కళ్ళముందే ఈ పని జరిగింది. కనుక నాటకంలో కోపానికి న్యాయం ఉంది. ఎవడో దుర్మార్గుడు పగబట్టాడని తీసిపారెయ్యడానికి లేదు. అన్యాయం నిజంగానే జరిగింది.

నా వేషానికి వస్తే, అశ్వత్థామ వస్తూనే తనను తాను చెప్పుకునే శ్లోకం ఒకటుంది. మోసంతో తొడలు విరిగిన కౌరవరాజును కాను, ఆయుధాలు పనికిరాకుండా పోయిన సూతపుత్రుణ్ణీ కాను, ఈ నేల మీద ఒంటరిగా నిలబడ్డ ద్రోణపుత్రుణ్ణి అంటాడు. దీన్ని నేను మొదట్లో పద్యనాటకం పద్ధతిలో, గొంతు చించుకుని, చివరి మాట దగ్గర అడుగు ముందుకేసి చెప్పేవాణ్ణి. మావాళ్ళకి నచ్చింది. డైరెక్టర్‌గారు మాత్రం చెయ్యి పైకెత్తి ఆపారు.

"నువ్వెవరికి చెబుతున్నావు?"

"జనానికి, మాస్టారూ."

"జనం అక్కడ లేరు. శవాలున్నాయి. పద్దెనిమిది రోజులు యుద్ధం చేసి, తండ్రిని పోగొట్టుకుని, మిగిలినవాళ్ళెవరని లెక్కపెట్టుకుంటూ వస్తున్నావు. రాజు లేడు, కర్ణుడు లేడు, నేనున్నాను అంటున్నావు. అది గొప్పా, దిగులా?"

ఈ ప్రశ్నతో నేను చాలా రాత్రులు గడిపాను. ద్రోణపుత్రుణ్ణి అన్న మాటలో ఎంత బరువుందో అప్పటిదాకా పట్టించుకోలేదు. ద్రోణుణ్ణి చంపడానికి పాండవులు వాడుకున్నది అశ్వత్థామ పేరునే. ఆ పేరున్న ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని తండ్రికి చెప్పించారు. ఆయన అస్త్రాలు వదిలేశాక ధృష్టద్యుమ్నుడు తల నరికాడు. తన చావు కబురు విని తండ్రి చచ్చిపోయిన కొడుకు ఇతను. ఇది గుర్తుపెట్టుకుని చెబితే గొంతు దానంతటదే తగ్గింది. అరుపు రాలేదు.

కానీ అసలు ఇబ్బంది ఇంకొకటుంది. మన ప్రేక్షకులకు అశ్వత్థామ అంటే భాసుడు గుర్తుకు రాడు, పోతన గుర్తుకొస్తాడు. భాగవతం ప్రథమ స్కంధంలో, నిద్రపోతున్న తన ఐదుగురు పిల్లల్ని చంపినవాణ్ణి ద్రౌపది ముందు నిలబెడితే ఆమె అడిగే పద్యం బళ్ళో చదివినవాళ్ళు చాలామంది. 'ఉద్రేకంబున రారు శస్త్రధరులై' అని మొదలై 'నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతులెట్లాడెనో' అని ముగుస్తుంది. మా అమ్మకి నేను ఈ వేషం వేస్తున్నానని చెప్పగానే ఆవిడ అన్నది ఆ చివరి పాదమే. "వాడి వేషమా? నీ చేతులెట్లాడెనో అన్నది వాణ్ణే కదూ?" అంది, కూర కలుపుతూనే.

అంటే నేను స్టేజి మీదికి రాకముందే హాల్లో సగం మంది దగ్గర నా మీద తీర్పు రెడీగా ఉంటుంది. నాటకంలో నేను చేసేది ఆ రాత్రికి ముందరి సాయంత్రం మాత్రమే. ఇంకా ఎవర్నీ చంపలేదు. చంపుతానని మాత్రమే అంటున్నాను. వాళ్ళకు మాత్రం అప్పుడే ఆ పిల్లలు కనపడుతున్నారు.

భారతంలో ఆ రాత్రి కథ చెప్పే సౌప్తిక పర్వం చదవమన్నారు డైరెక్టర్‌గారు. మనకు తిక్కన తెలుగులో ఉంది. అక్కడ మర్రిచెట్టు కింద ముగ్గురు మిగిలి ఉంటారు, అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. చెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపుతుంది. అశ్వత్థామకు ఉపాయం అక్కడినుంచే వస్తుంది. కృపుడు మేనమామ, వద్దంటాడు, నిద్రలో ఉన్నవాళ్ళని చంపడం అధర్మం అంటాడు. అశ్వత్థామ జవాబు చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఆ జవాబు నాకు సబబుగానే అనిపించింది. ధర్మం గట్టు వాళ్ళే తెంచారు, ఆయుధం వదిలేసిన నా తండ్రిని చంపినప్పుడు ఈ మాట ఎవరూ అనలేదే అంటాడు. మనం రోజూ వినే వాదనే ఇది. పొలం గట్టు తగాదాల్లోనూ, అన్నదమ్ముల ఆస్తి కేసుల్లోనూ ముందు వాళ్ళే మొదలుపెట్టారు అన్న మాటతోనే అన్నీ నడుస్తాయి.

అయితే భారతానికీ ఈ నాటకానికీ ఒక పెద్ద తేడా ఉంది, నా వేషమంతా ఆ తేడాలోనే ఇరుక్కుంది. భారతంలో దుర్యోధనుడు చివరి క్షణం దాకా పగతోనే ఉంటాడు. అశ్వత్థామను సేనాపతిని చేయిస్తాడు. రాత్రి జరిగిన సంహారం విని, సంతోషించి ప్రాణం వదులుతాడు. అక్కడ అశ్వత్థామ చేసేది రాజు కోరిన పని. ఇక్కడ దుర్యోధనుడు పగ వదిలేశాడు. బలరాముడితో, కోపం వద్దు, కురువంశానికి నీళ్ళు వదలడానికి వాళ్ళైనా బతకనీ, వైరమూ పోయింది, యుద్ధమన్న మాటా పోయింది, మేమూ పోయాం అంటాడు. తనను చంపింది భీముడు కాదు, ఆ గదలోకి దూరిన కృష్ణుడు అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. కొడుక్కి, నన్ను ఎలా కొలిచావో పాండవుల్ని అలా కొలువు, కుంతి మాట విను, సుభద్రను, ద్రౌపదిని తల్లుల్లా చూడు అని చెబుతాడు.

ఈ అప్పగింత అయిన కాసేపటికే నేను ప్రవేశిస్తాను, పాండవుల్ని చంపుతానంటూ. ఎవరి తరఫున? ఎవరికి అన్యాయం జరిగిందో ఆయనే వద్దంటున్నాడు. విల్లు వదిలెయ్యి అంటున్నాడు. అందరూ పోయారు, నేనూ ఇలా ఉన్నాను, ఇంక ఎందుకు అంటున్నాడు. వద్దన్నవాడి కోసం పగ తీర్చుకోవడం ఎలా నటించాలి? బలరాముడి కోపానికి కూడా ఈ చిక్కు ఉంది గానీ ఆయన మాట విని తగ్గుతాడు. నేను తగ్గను.

మొదట స్నేహం అనుకుని చేశాను. నా రాజుకి ఇలా జరిగిందే అన్న బాధ. బాగానే ఉంది గానీ, రాజు వద్దన్నాక ఆ బాధ కరగాలి కదా. కరగలేదంటే వెనక ఇంకేదో ఉంది. తర్వాత తండ్రి కోసం అనుకుని చేశాను. అప్పుడు దుర్యోధనుడు నాకు ఒక సాకు అయిపోయాడు. బాబాయ్‌కి అది నచ్చలేదు. "నా వైపు చూసి మాట్లాడుతున్నావు గానీ నన్ను చూడటం లేదురా నువ్వు" అన్నాడు. ఆ మాటని డైరెక్టర్‌గారు పట్టుకున్నారు. "అదే కావాలి. కానీ కావాలని చెయ్యకు. నువ్వు చూస్తున్నాననే అనుకోవాలి."

నాటకంలో నా వాదన ఒక్కటే. భీముడు నీ జుట్టు పట్టుకుని తొడలు విరగ్గొట్టినప్పుడు నీ మానం కూడా తీశాడు, దానికేమంటావు? మానధనుడని పేరున్న దుర్యోధనుణ్ణి పొడవాల్సిన చోటే పొడిచాను. ఇంతకంటే పదునైన మాట లేదు. దానికి దుర్యోధనుడు చెప్పే జవాబే ఈ నాటకానికి గుండెకాయ అని నా అభిప్రాయం. రాజులకు మానమే ఒళ్ళు, దానికోసమే యుద్ధం తెచ్చుకున్నాను అంటాడు. ఆ పైన వరసగా చెప్పుకొస్తాడు. జూదం రోజున ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చాం. పిల్లవాడని కూడా చూడకుండా అభిమన్యుణ్ణి యుద్ధంలో చంపాం. పాచికల మోసంతో గెలిచి వాళ్ళని అడవిలో మృగాల మధ్యకి పంపాం. ఆలోచించి చూడు, వాళ్ళు నాకు చేసింది తక్కువే.

దుర్యోధనుడి నోట ఈ మాట! మా ఊళ్ళ రంగస్థలం మీద ఏనాడూ వినపడని మాట. బాబాయ్ దీన్ని చెప్పడానికి మొదట చాలా తన్నుకున్నాడు. "నలభై ఏళ్ళు ఈయన తరఫున వాదించానురా, ఇప్పుడీయన చేతే ఒప్పించాలా" అని. చివరికి ఏ ఎమోషనూ లేకుండా, కిరాణా కొట్టు పద్దు చదివినట్టు చెప్పాడు. ఆ పద్దు వింటుంటే అక్కడ నిలబడటం నాకు కష్టమైంది.

ఎందుకంటే ఆ పద్దులో రెండో అంశం నాది కూడా. అభిమన్యుణ్ణి చుట్టుముట్టిన మహారథుల్లో అశ్వత్థామ ఒకడు. ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, కృతవర్మ, వీళ్ళతోపాటు. పాఠం ఎన్నిసార్లు చదివినా నాకు ఇది తట్టలేదు. గాంధారి వేషం వేస్తున్న అక్క ఒకరోజు టీ తాగుతూ, "ఆయన ఆ కుర్రాడి పేరెత్తినప్పుడు నీ మొహంలో ఏమీ లేదేంటి, నువ్వూ అక్కడే ఉన్నావుగా?" అంది. అంతే. ఆ రోజునుంచి ఆ శ్లోకం నాకు మామూలుగా వినపడలేదు. దుర్యోధనుడు తన పాపాలు ఒప్పుకుంటున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. నావి కూడా ఒప్పుకుంటున్నాడు, నన్నడగకుండా.

అక్కడ ఏం చెయ్యాలన్నదాని మీద బోలెడు ప్రయత్నాలు చేశాం. తలదించి చూశాను, అది పశ్చాత్తాపంలా ఉంది, తర్వాత చేసే ప్రతిజ్ఞకు అతకలేదు. విల్లు బిగించి పట్టుకున్నాను, సినిమా విలన్‌లా ఉందన్నారు. వెనక్కి తిరిగాను, మొహం కనపడకపోతే ఏం లాభం అన్నారు. చివరికి డైరెక్టర్‌గారు ఏ అభినయమూ వద్దని, ఆ మాటకీ నా ప్రతిజ్ఞకీ మధ్య ఉన్న విరామం తీసేశారు. దుర్యోధనుడి ఆఖరి మాట పూర్తయ్యీ అవ్వకముందే నేను ప్రతిజ్ఞ అందుకోవాలి. నీ మీద ఒట్టు, నా మీద ఒట్టు, వీరులు చేరే లోకాల మీద ఒట్టు, ఈ రాత్రి యుద్ధం చేసి పాండవుల్ని కాల్చేస్తాను. "జవాబు లేనివాడికి తొందరెక్కువ" అన్నారాయన. ఇది కుదిరింది. మొదటిసారి అలా చేసినప్పుడు నాకు ఊపిరి అందలేదు, ఆ ఊపిరి అందకపోవడం అలాగే ఉంచేశాం.

దుర్జయుడి సంగతి చెప్పాలి. దుర్యోధనుడి కొడుకుగా ఈ పిల్లవాడు భారతంలో లేడు. అక్కడ ఉన్నది లక్ష్మణకుమారుడు, అభిమన్యుడి చేతిలో చచ్చిపోతాడు. (మనకు లక్ష్మణకుమారుడంటే మాయాబజార్ రేలంగిగారే గనక ఆ చావు ఎవరికీ గుర్తుండదు.) భాసుడు ఇంకో పిల్లవాణ్ణి పుట్టించి, గుడ్డి తాతకు దారి చూపే పని ఇచ్చాడు. వాడు నడిచి నడిచి, తాతా, అలిసిపోయాను అంటాడు. వెళ్ళి మీ నాన్న ఒళ్ళో కూర్చో అంటాడు ధృతరాష్ట్రుడు. వాడు పరిగెత్తుకుని వెళ్తే, తండ్రి చెయ్యి అడ్డం పెడతాడు. ఎప్పుడూ కూర్చునే చోటు ఇక లేదు, వేరే ఎక్కడైనా కూర్చో నాన్నా అంటాడు. చంద్రుడిలాంటి బిడ్డ నిప్పులా తగులుతున్నాడని తనలో తాను అనుకుంటాడు. రిహార్సల్స్‌లో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా మాలో ఎవరో ఒకరు మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళేవాళ్ళు. మా దుర్జయుడు మూడో తరగతి కుర్రాడు, వాడికి మాత్రం ఏ బాధా లేదు. అవతల బల్ల మీద బిస్కెట్ ప్యాకెట్ వైపే వాడి చూపంతా.

ప్రతిజ్ఞ చేశాక నేను ఆ పిల్లవాణ్ణి పిలుస్తాను. అభిషేకం లేకుండానే, బ్రాహ్మణుడి నోటి మాటతోనే నువ్వు రాజువి అంటాను. పాండవులకు సేవ చెయ్యమని తండ్రి చెప్పిన పిల్లవాడు, ఆ మాట ఇంకా ఆరకముందే, పాండవుల శత్రువుల రాజైపోయాడు. డ్రామా డ్రెస్సుల షాపునుంచి చిన్న కిరీటం అద్దెకు తెచ్చాం గానీ డైరెక్టర్‌గారు వాడనివ్వలేదు. మాటతోనే అయ్యే పట్టాభిషేకానికి కిరీటం ఎందుకు, తలమీద చెయ్యి పెట్టు చాలు అన్నారు. రెండు చేతులూ పెట్టాను. ఆ క్షణంలో మా అమ్మ అన్న మాట గుర్తురాకుండా ఉండటం నా వల్ల కాలేదు. నిజానికి అదే నాకు పనికొచ్చింది. ప్రేక్షకులకు కనపడాల్సింది కూడా అదే అనుకుంటాను, ఈ రాత్రి ఇంకో ఐదుగురు పిల్లల మీద పడబోయే చేతులు ముందు ఈ పిల్లవాడి మీద పడ్డాయని. ఆ కుర్రాడు ఒకరోజు, "అంకుల్, రాజయ్యాక నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. పాఠంలో ఏమీ లేదురా, అలాగే నిలబడు అన్నాను. నిజంగానే ఏమీ లేదు. కవి వాణ్ణి రాజును చేసి వదిలేశాడు.

ఇక్కడే మా సమాజంలో పెద్ద వాదన లేచింది. కొడుకుని రాజుగా ప్రకటించగానే దుర్యోధనుడు ఒక మాట అంటాడు. ఆహా, నా మనసు ఒప్పిందే జరిగింది అని. ఆ వెంటనే ప్రాణాలు పోతున్నాయంటాడు. మరి అంతసేపూ పగ వద్దన్నదంతా ఏమైంది? క్షమించినట్టా, క్షమించనట్టా?

బాబాయ్ అభిప్రాయం సూటిగా ఉంది. తండ్రిగా అన్నాడు, కొడుకు రాజైతే చాలని ఏ తండ్రి అనుకోడు అని. డైరెక్టర్‌గారు, లోపల అణిచిపెట్టిన రాజు చివరికి బయటపడ్డాడన్నారు. గాంధారి అక్క ఇద్దరినీ కొట్టిపారేసింది. వద్దు అనడానికి ఆయనకు ఓపిక లేదు, ఎవరు ఏం చేసినా సరేనన్నాడు అంది. నాకు మూడూ నిజమే అనిపించాయి, అదే నా టెన్షన్. ఆయన ఏ అర్థంతో అంటే నేను ఆ అర్థానికి తగ్గట్టు నిలబడాలి. నిజంగా సంతోషించాడంటే నా పగకి అనుమతి దొరికినట్టు. లేదంటే నేను చచ్చిపోతున్నవాడి మాట తోసేసి పోతున్నట్టు.

ఆ తర్వాత చావు. దుర్యోధనుడికి శంతనుడు మొదలైన పెద్దలు కనపడతారు, కర్ణుణ్ణి ముందుపెట్టుకుని నూరుగురు తమ్ముళ్ళు కనపడతారు. ఐరావతం మీద ఇంద్రుడి చెయ్యి పట్టుకుని అభిమన్యుడు కూడా కనపడతాడు, కోపంగా, ఏదో అంటూ. స్వర్గానికి వెళ్ళేటప్పుడు కూడా ఆ కుర్రాడి కోపం చల్లారలేదు. బాబాయ్ ఈ ఒక్క చోట మాత్రం గొంతులో పాత పద్యనాటకం వాసన రానిచ్చాడు, డైరెక్టర్‌గారు కూడా ఏమీ అనలేదు. నేను పక్కనే నిలబడి, ఆయన చూస్తున్న వైపు చూడకూడదని నిర్ణయించుకున్నాను. అశ్వత్థామకు అభిమన్యుడు కనపడడు. కనపడితే ఆ రాత్రి వెళ్ళలేడు.

చివరి శ్లోకాన్ని కవి ముగ్గురికి పంచాడు. కొడుకు లేని రాజ్యం ఎందుకని ధృతరాష్ట్రుడు తపోవనానికి బయల్దేరతాడు. బాణాలు పట్టుకుని, నిద్రలో ఉన్నవాళ్ళని చంపడానికి పోతున్నానని అశ్వత్థామ అంటాడు. శత్రువులు అణిగిన మన రాజు భూమిని పాలించుగాక అని భరతవాక్యం, అంటే నాటకం చివర చెప్పే దీవెన. ఒకే ఛందస్సు, ఒకే శ్లోకం. ఒకడు అడవికి, ఒకడు హత్యకి, మూడో మాట మంగళం. డైరెక్టర్‌గారు ధృతరాష్ట్రుణ్ణి ఎడమవైపు పంపి, నన్ను ప్రేక్షకుల మధ్యనుంచి నడిపించారు. హాల్లో మధ్యదారి ఇరుకు. విల్లు కుర్చీలకు తగలకుండా చూసుకోవడంలోనే నా ఏకాగ్రత సగం పోయింది.

మొదటి ప్రదర్శన రోజున, మనసు ఒప్పిందే జరిగింది అన్న మాట బాబాయ్ చిరునవ్వుతో అన్నాడు. హాలంతా చప్పట్లు. మన జనానికి దుర్యోధనుడి మీద ఉన్న ప్రేమ అది. కానీ ఆ చప్పట్ల మధ్య నేను హత్యకు బయల్దేరుతున్నాను, నాక్కూడా కొన్ని చప్పట్లు తగిలాయి. గ్రీన్‌రూములో మేకప్ తుడుచుకుంటూ డైరెక్టర్‌గారి మొహం చూశాను, ఆయనకూ నచ్చినట్టు లేదు. నడిచి వస్తుంటే మధ్యదారిలో ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఒక్కణ్ణీ వదలొద్దు" అన్నాడు ఉత్సాహంగా. ఆయనా ఆ పద్యం బళ్ళో చదివే ఉంటాడు కదా!

తర్వాతి ప్రదర్శన వేరే ఊళ్ళో. ఈసారి బాబాయ్ నవ్వలేదు. నన్నసలు చూడకుండా, పిల్లవాడి చెయ్యి పట్టుకుని, నా చేతుల కిందనుంచి వాణ్ణి తన వైపు లాక్కుంటూ ఆ మాట అన్నాడు. రిహార్సల్స్‌లో ఎప్పుడూ చెయ్యలేదలా. నా చేతులు గాల్లో మిగిలిపోయాయి. వాటిని ఏం చేసుకోవాలో తెలియక విల్లు అందుకున్నాను. చప్పట్లు లేవు. డైరెక్టర్‌గారు దాన్నే ఖాయం చెయ్యమన్నారు గానీ బాబాయ్ ఒప్పుకోలేదు. "ముందే తెలిస్తే వీడు చేతులు రెడీగా పెట్టుకుంటాడు" అంటున్నాడు. వచ్చే నెల ప్రదర్శనలో ఆ మాట ఎలా అంటాడో ఎంత అడిగినా చెప్పడం లేదు.